అప్‌డేట్: చెరకు పిప్పి నుంచి సిట్రిక్ యాసిడ్

నా ప్రశ్న ఇది: అనకాపల్లి బెల్లం గానుగల పిప్పిని ఎంజైమ్‌తో చక్కెరగా మార్చి, వైజాగ్ ల్యాబులో ఆస్పర్‌జిల్లస్ నైగర్ అనే బూజు వేస్తే టైట్రేషన్‌లో (క్షారం కలుపుతూ ఆమ్లాన్ని కొలిస్తే) యాసిడ్ బాగానే కనబడుతోంది. అది సిట్రిక్కేనా?

చాలావరకు కాదు. వడకట్టిన ద్రవాన్ని అసిటిక్ యాసిడ్‌తో ఆమ్లంగానే ఉంచి, చల్లగా ఉండగా కాల్షియం క్లోరైడ్ వేస్తే వెంటనే తెల్లగా విరిగింది. అది ఆక్సాలేట్, అంటే ఆక్సాలిక్ యాసిడ్ లవణం. సిట్రేట్ అయితే వేడిచేస్తే గానీ దిగదు.

కారణం ఎంజైమ్ దశలో వాడిన 50 మిల్లీమోలార్ సిట్రేట్ బఫర్, అంటే పీహెచ్‌ని మారకుండా పట్టి ఉంచే ద్రావణం. లీటరుకు 9.6 గ్రాముల సిట్రిక్‌కి సమానమైన సరుకు ముందే అందులో ఉంది. ఆమ్లాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీలోనూ దిగుబడిగా కలిసిపోతుంది. పైగా పీహెచ్‌ని త్వరగా పడనివ్వదు. 5 దగ్గర ఆగితే బూజు ఆక్సాలిక్, గ్లూకోనిక్ వైపు పోతుంది. సిట్రిక్‌కి 3 లోపు ఉండాలి, 2 దగ్గరైతే ఇంకా మేలు.

ఇప్పుడు బఫర్ లేదు. ఎంజైమ్ దశలో పీహెచ్‌ని పలుచటి సల్ఫ్యూరిక్‌తో 4.8కి తెచ్చి, 50 డిగ్రీల దగ్గర మధ్యమధ్యలో సరిచేయడమే. చక్కెరని వాక్యూమ్‌లో లీటరుకు 120 గ్రాములకి చిక్కబరచాలి.

మిగిలిన తలనొప్పి మాంగనీస్. లీటరుకు కొద్ది మైక్రోగ్రాములు దాటినా బూజు చిన్న ఉండలకి బదులు పోగులుగా అల్లుకుని ద్రవం జిగటవుతుంది, గాలి అందదు. లోహ అయాన్లను పట్టుకునే కేటయాన్ రెజిన్ మాంగనీస్‌ని తీసేస్తుంది, మెగ్నీషియంని కూడా. మెగ్నీషియం సల్ఫేట్ తిరిగి కలపాలి, అదీ అనలిటికల్ గ్రేడే. చౌకరకంలో మాంగనీస్ మళ్లీ వచ్చిపడుతుంది.