టేమ్ ఇంపాలా గిటార్లు ఎటు పోయాయి?

మాది కావలి, ఉద్యోగం నెల్లూరులో. రోజూ రైల్లోనే పాటలు వినడం. ఆస్ట్రేలియా రాక్ బ్యాండ్ టేమ్ ఇంపాలా 2012 ఆల్బమ్ 'లోనరిజం'లో గిటార్ గరగర, డ్రమ్స్ మోత ఒకదాని మీద ఒకటి పడి గందరగోళంగా ఉంటాయి. నాకదే ఇష్టం. 2015లో వచ్చిన 'కరెంట్స్' పెడితే గిటార్ వెనక్కిపోయి సింథసైజర్లు, డిస్కో బీటు ముందుకొచ్చేశాయి. పాటలు రాసేదీ, స్టూడియోలో దాదాపు అన్నీ వాయించేదీ కెవిన్ పార్కర్ ఒక్కడే, కాబట్టి తిట్టుకోవడానికి ఇంకొకరు కూడా లేరు! మా తమ్ముడేమో (వాడికి డీజే బాక్సులుంటే చాలు) ఒక ఇయర్‌ఫోన్ లాక్కుని, "ఇన్నాళ్లకి వినేట్టు ఉందన్నా" అన్నాడు. అక్కడే నాకు టెన్షన్ మొదలైంది.

మొదట నచ్చక, తర్వాత దారికొచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఏ పాటతో మొదలుపెట్టాలి? "ఇంకోసారి విను" అని మాత్రం చెప్పకండి, ఇప్పటికే ఆరుసార్లు విన్నా.