మామూలు పిన్నుతో పీడబ్ల్యూఎం: కెర్నల్లో డ్రైవర్ రాయవచ్చా?

కొత్తపిన్ను: మా బోర్డులో పీడబ్ల్యూఎం (పిన్నును వేగంగా ఆన్, ఆఫ్ చేస్తూ వెలుగునో వేగాన్నో అదుపు చేసే పద్ధతి) కోసం హార్డ్‌వేర్ పిన్నులు రెండే, రెండూ వాడేశారు. మూడో ఎల్‌ఈడీ వెలుగు తగ్గించడానికి మామూలు జీపీఐఓ పిన్నును (ఆన్, ఆఫ్ మాత్రమే తెలిసిన పిన్ను) కెర్నల్లోని సూక్ష్మమైన టైమర్ హెచ్‌ఆర్‌టైమర్‌తో ఆన్, ఆఫ్ చేసే డ్రైవర్ రాస్తున్నాను. మాది లైనక్స్ కెర్నల్ 5.10. చెన్నై గిండీలో మా సీనియర్లు నవ్వుతున్నారు. రాయనా, మాననా?

అంబత్తూరు_మోటార్: మానండి. సర్వోకు (చెప్పిన కోణానికి చేయి తిప్పే మోటారుకు) 20 మిల్లీసెకన్లకు ఒక పల్సు వెళ్తుంది. దాని వెడల్పు 1 నుంచి 2 మిల్లీసెకన్లు, అందులోనే సుమారు 90 డిగ్రీలూ ఇమడాలి. ఏదో ఇంటరప్ట్ (ప్రాసెసర్‌ను మధ్యలో ఆపి వేరే పనికి పిలిచే సంకేతం) అడ్డొచ్చి పల్సు 50 మైక్రోసెకన్లు సాగిందా, చేయి నాలుగున్నర డిగ్రీలు పక్కకు పోతుంది.

రిచీవీధి: ఆయన అడిగింది ఎల్‌ఈడీ అండీ. 200 హెర్ట్జ్‌లో ఒక చుట్టు 5 మిల్లీసెకన్లు, అందులో 50 మైక్రోసెకన్లంటే ఒక్క శాతం.

అంబత్తూరు_మోటార్: వెలుగు రెండు శాతానికి దించి చూడండి. పల్సే 100 మైక్రోసెకన్లు, అందులో సగం తేడా! చీకటి గదిలో మిణుకుమంటుంది.

చూసిపోదాం: పీడబ్ల్యూఎం ఇచ్చే పీసీఏ9685 చిప్పు పెట్టుకోండి. 16 చానెళ్లు. గొడవ ఉండదు.

రిచీవీధి: తయారైన బోర్డుకు కొత్త చిప్పు ఎక్కడ అతికిస్తారు? 2024లో లైనక్స్ 6.11 ఇలాంటి డ్రైవర్‌నే తీసుకుంది. దాన్నే 5.10కు తెచ్చుకోవచ్చు. ఐ2సీ ఎక్స్‌పాండర్ (రెండు తీగలతో కలిపి అదనపు పిన్నులు ఇచ్చే చిప్పు) వెనక ఉన్న పిన్ను మాత్రం పనికిరాదు, టైమర్ నడిచే చోట నిద్రపోయే (జవాబు వచ్చేదాకా ఆగే) పిలుపులు కుదరవు.

అంబత్తూరు_మోటార్: లైనక్స్ తీసుకుంటే సరిపోయిందా? నా పాత కంపెనీలో ఫ్యాన్ తీగను తప్పు పిన్నుకు లాగి, "సాఫ్ట్‌వేర్‌లో సర్దండి" అన్నారు. ఆ ఫ్యాన్‌కు 25 కిలోహెర్ట్జ్ కావాలి. పల్సుకు రెండు అంచులు, సెకనుకు 50,000 ఇంటరప్ట్‌లు! బోర్డు గీసినవారు హాయిగా ఉన్నారు, కస్టమర్ ముందు తిట్లు తిన్నది నేను.

రిచీవీధి: మీ మేనేజరు మీద కోపం ఈ అబ్బాయి మీద చూపిస్తున్నారా?

అంబత్తూరు_మోటార్: చూపిస్తాను! కెర్నల్లో ఇలాంటి డ్రైవర్ పేరు కనిపిస్తే చాలు, "పిన్ను ఎక్కడైనా పెట్టండి, డ్రైవర్ ఉందిగా" అంటారు. నా బాధ మైక్రోసెకన్లు కాదు, ఆ మాట.

రిచీవీధి: మీరు వద్దన్నా ఆ మేనేజరు ఆగడు. కెర్నల్ బయటి నాసిరకం కోడ్ తెచ్చి పెట్టిస్తాడు. అప్పుడు దాన్ని సరిచూసేవారు కూడా ఉండరు.

కొత్తపిన్ను: డ్యూటీ (ఒక చుట్టులో పిన్ను ఆన్‌లో ఉండే వంతు) 0, 100 శాతం ఉన్నప్పుడు టైమర్ ఆపేయాలా?

రిచీవీధి: ఆపేయండి. పిన్ను అలాగే నిలుస్తుంది.

అంబత్తూరు_మోటార్: పీరియడ్‌కు (ఒక చుట్టు పట్టే కాలానికి) కనీస హద్దు కూడా పెట్టండి. 25 కిలోహెర్ట్జ్ అడిగితే ఈఐఎన్‌వీఏఎల్ (చెల్లని విలువ) అని తిప్పికొట్టాలి. అది లేని ప్యాచ్ నాకు చూపించకండి.