33 జిల్లాల పేర్లు చార్టు కింద పట్టడం లేదు, ఏం చేయాలి?

ప్రశ్న:
తెలంగాణ జిల్లాల అక్షరాస్యత మీద ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషలో, చార్టులు గీసే జీజీప్లాట్2 ప్యాకేజీతో బార్ చార్టు గీస్తున్నాను. 2011 జనగణన లెక్కల్ని కొత్త జిల్లాల వారీగా సర్దిన పట్టిక అది. కింద 33 పేర్లు ఒకదాని మీద ఒకటి ఎక్కేస్తున్నాయి. నిలువుగా తిప్పితే మెడ వంచి చదవాలి, పైగా 'జయశంకర్ భూపాలపల్లి' లాంటి పేర్లే సగం చార్టు తినేస్తున్నాయి. సోమవారం రిపోర్టు ఇవ్వాలి, టెన్షన్‌గా ఉంది. పేర్లు కుదించేయనా?

జవాబు:
తొందరపడి కుదించకండి. మొదటి మూడు అక్షరాలే ఉంచితే మహబూబ్‌నగర్, మహబూబాబాద్ ఒకేలా కనిపిస్తాయి. కుదించక తప్పదంటే ఊరి పేరు ఉంచండి: భూపాలపల్లి, ఆసిఫాబాద్, గద్వాల, సిరిసిల్ల. అక్కడివాళ్లు పిలుచుకునేదీ అలాగే.

అసలు తిప్పాల్సింది అక్షరాల్ని కాదండీ, చార్టుని. జిల్లాను వై వైపు (నిలువు గీత), శాతాన్ని ఎక్స్ వైపు (అడ్డ గీత) ఇవ్వండి. 2020లో వచ్చిన జీజీప్లాట్2 3.3.0 వెర్షన్ నుంచి దీనికి చార్టును అడ్డంగా తిప్పే కోఆర్డ్ ఫ్లిప్ ఆదేశం కూడా అక్కర్లేదు. ప్రతి పేరూ మామూలుగా, ఎడమ నుంచి కుడికి చదువుకోవచ్చు. పేజీ ఎత్తు మాత్రం పెంచాలి. వరసకు 0.2 అంగుళం చొప్పున 33 వరసలకు ఏడు అంగుళాల లోపే, ఏ4లో హాయిగా పడుతుంది.

తర్వాత వరస మార్చే రీఆర్డర్ ఆదేశంతో శాతం ప్రకారం పేర్చండి. దీన్ని దయచేసి వదిలేయొద్దు. అక్షర క్రమంలో ఉంటే చార్టు ఏమీ చెప్పదు. శాతం క్రమంలో పెడితే పైన 83 శాతంతో హైదరాబాద్, అడుగున 50కి కాస్త తక్కువతో గద్వాల, ఆ దూరం ఒక్క చూపులో తెలుస్తుంది. నేనైతే బార్లు కూడా తీసేసి చుక్కలు పెడతాను. గణాంక శాస్త్రవేత్త విలియం క్లీవ్‌లాండ్ 1980లలో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. బార్లు సున్నా నుంచే మొదలవ్వాలి, చుక్కలకు 40 నుంచి మొదలుపెట్టినా ఫరవాలేదు.

ఇంకొక మాట. మీ పట్టికలో 'వరంగల్ రూరల్' అని ఉందేమో చూడండి. 2021లో అర్బన్ జిల్లా హనుమకొండ అయింది, రూరల్ జిల్లా వరంగల్ అయింది. ఎవరైనా చార్టులో ముందు సొంత జిల్లానే వెతుక్కుంటారు, అక్కడ పాత పేరు కనిపిస్తే మిగతా అంకెల్నీ నమ్మరు.

మరో జవాబు:
జీజీప్లాట్2లో గీత పక్క పేర్లను సర్దే గైడ్ యాక్సిస్‌లో చెక్ ఓవర్‌ల్యాప్ అని ఒక సదుపాయం ఉంది. అది ఢీకొనే లేబుళ్లను చెప్పకుండా తీసేస్తుంది. సంవత్సరాలకైతే సరే, జిల్లాలకు మాత్రం వాడకండి. సంవత్సరాలే కిక్కిరిస్తే ఆ కాలమ్ అక్షరాలుగా చేరిందేమో చూడండి, అంకెలుగా మారిస్తే చాలావరకు అదే సర్దుకుంటుంది.

ప్రశ్న అడిగినవారు:
వై వైపు మార్చాను, అన్నీ చదవగలుగుతున్నాను, చాలా థాంక్సండీ! కానీ పీఎన్‌జీ బొమ్మగా సేవ్ చేస్తే తెలుగు ఒత్తులు విడిపోతున్నాయి.

జవాబు:
ఆర్‌లోనే రాగ్ అనే ప్యాకేజీ వేసుకుని దానిలోని ఏజీజీ పీఎన్‌జీ ఆదేశంతో సేవ్ చేయండి, ఫాంటు నోటో సాన్స్ తెలుగు ఇవ్వండి. 'కొత్తగూడెం'లో ఒత్తు సరిగ్గా పడితే మిగతావీ పడతాయి.