పీఎస్‌జీకి వెళ్లడమే క్రిహోవియాక్ చేసిన తప్పా?

అర్ధరాత్రి ఆట:
నిన్న పాత మ్యాచ్‌లు తిరగేస్తూ 2015 యూరోపా లీగ్ (యూరప్ క్లబ్బుల రెండో పెద్ద కప్పు) ఫైనల్ దగ్గర ఆగిపోయాను. స్పెయిన్ క్లబ్ సెవియా, ఉక్రెయిన్ క్లబ్ ద్నీప్రో. ఊరు వార్సా. ఏడో నిమిషంలోనే సెవియా ఒక గోల్ ఇచ్చేసుకుంది. 28వ నిమిషంలో కార్నర్ తర్వాత బాక్సులో అందరి కాళ్ల మధ్య నుంచి బంతి గ్జెగోష్ క్రిహోవియాక్ దగ్గరికి వచ్చింది, నేలబారుగా కొట్టి లోపలికి పంపాడు. పోలండ్ ఆటగాడు, స్పెయిన్ క్లబ్ జెర్సీలో, సొంత దేశపు రాజధానిలో, ఫైనల్‌లో గోల్! మనకి రాత్రి 12:15కి మొదలైన మ్యాచ్ అది. ఇంట్లోవాళ్లు లేస్తారని దిండులో మొహం పెట్టి అరిచాను. 3-2తో సెవియా గెలిచింది. మరుసటి ఏడాది లివర్‌పూల్ మీద ఇంకో కప్పు.

ఆ వెంటనే, 2016 వేసవిలో పారిస్ క్లబ్ పీఎస్‌జీ. అక్కడ లీగ్‌లో ఆడింది 11 మ్యాచ్‌లు. ఏడాది తిరిగేసరికి లోన్ మీద (అంటే అప్పుగా) ఇంగ్లండ్ క్లబ్ వెస్ట్ బ్రామ్, ఆ సీజన్‌లోనే ఆ జట్టు కింది డివిజన్‌కి పడిపోయింది. తర్వాత మాస్కో, క్రాస్నొదార్, ఏథెన్స్, సౌదీ, సైప్రస్. నా మాట సూటిగా చెప్తాను. 26 ఏళ్లకే అతని అసలు కెరీర్ అయిపోయింది, చేజేతులా చేసుకున్నదే. కాదంటారా?

సెవియా సుబ్బారావు:
ఫలితం తెలిశాక అందరం జ్యోతిష్కులమే అన్నా. 2016లో అతని చోట మీరుంటే ఏం చేసేవారు? పిలిచింది ఎవరు? సెవియాలో అతన్ని ఈ స్థాయికి తెచ్చిన కోచ్ ఉనాయ్ ఎమెరీయే. ఆయన పారిస్ వెళ్తూ వెంట రమ్మన్నాడు. పైగా క్రిహోవియాక్‌కి ఫ్రాన్స్ కొత్తేం కాదు. 16 ఏళ్ల వయసులో బోర్డో అకాడమీకి వచ్చాడు, రీమ్స్ మూడో డివిజన్‌లో ఉన్నప్పుడు అక్కడ లోన్ మీద ఆడాడు, నాంట్‌లో ఆడాడు. భాష వచ్చు, లీగ్ తెలుసు, కోచ్ తెలుసు. ఇంతకన్నా సేఫ్ ట్రాన్స్‌ఫర్ ఏముంటుంది?

ఆరో నంబర్:
కోచ్ తెలిస్తే చాలదు సుబ్బారావు గారూ, కోచ్ ఏ ఆట ఆడిస్తాడో తెలియాలి. సెవియాలో ఎమెరీ ఇద్దరు డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డర్లని (డిఫెండర్ల ముందు కాపు కాసేవాళ్లని) పక్కపక్కన పెట్టేవాడు. 2016 ఫైనల్ చూడండి, పక్కన ఎన్జోంజీ, ముందు బనేగా. క్రిహోవియాక్ పని బంతి లాక్కోవడం, దగ్గర్లో ఉన్నవాడికి ఇచ్చేయడం. ఆ పనిలో అతనికి సాటి తక్కువ.

పీఎస్‌జీలో అలా కాదు. అక్కడ బంతి ఎప్పుడూ వాళ్ల దగ్గరే ఉంటుంది. వెనక ఒక్కడే, తియాగో మొట్టా. నడుస్తున్నట్టే ఉంటాడు, కానీ అరక్షణం ముందే తల తిప్పి చూసుకుని ఒక్క టచ్‌తో ఆట దిశ మార్చేస్తాడు. ఎమెరీ మొదట్లో తన పద్ధతి రుద్దాలని చూశాడు, కుదరక పాత 4-3-3కే (నలుగురు డిఫెండర్లు, ముగ్గురు మిడ్‌ఫీల్డర్లు, ముగ్గురు ఫార్వర్డ్‌లు) వచ్చేశాడు. ఆ రోజే క్రిహోవియాక్ కుర్చీ పోయింది.

నమ్మకపోతే 2017 ఫిబ్రవరి 14 చూడండి. బార్సిలోనా మీద 4-0 మ్యాచ్. మొట్టా సస్పెన్షన్‌లో ఉన్నాడు. ఆ చోటు కోసమే కొన్న మనిషి జట్టులో ఉన్నాడా, ఉన్నాడు. మరి ఎమెరీ ఎవరిని పెట్టాడు? రాబియోని! వెరాట్టి, మతుయిడి చెరో పక్కన. సొంత కోచే అలా చేశాక ఇంక మాట్లాడేదేముంది.

ప్యాకేజీ పురుషుడు:
మా ఆఫీసులో ఇలాంటివి రోజూ చూస్తాం. పాత మేనేజర్ కొత్త కంపెనీకి వెళ్లి ఫోన్ చేస్తాడు, వీడు ఆనందంగా రిజైన్ చేసి వెళ్తాడు, ఆరు నెలలకి ఆ మేనేజర్ మొహం చాటేస్తాడు. జీతం మాత్రం టైముకి పడుతుంది. బెంచి మీద కూర్చున్నా పడుతుంది.

అర్ధరాత్రి ఆట:
హహ. నేననేదీ అదే. అదే 2016 వేసవిలో ఇంకో పోలండ్ మిడ్‌ఫీల్డర్ కూడా క్లబ్ మారాడు, పియోత్ర్ జిలిన్‌స్కీ. ఇటలీలోనే ఉదినేసే నుంచి నాపోలీకి. కోచ్ సర్రీ, ఎంపోలీలో అప్పటికే అతన్ని ఆడించినవాడు. అంటే ఇతనూ పాత కోచ్ దగ్గరికే వెళ్లాడు. కానీ సర్రీ ఆట మారలేదు, జిలిన్‌స్కీ చోటు పోలేదు. ఎనిమిది సీజన్లు అక్కడే ఉన్నాడు, 2023లో నాపోలీ 33 ఏళ్ల తర్వాత లీగ్ గెలిచినప్పుడు జట్టులో ఉన్నాడు. ఇద్దరికీ తేడా ఎంపికలోనే ఉంది.

ఆరో నంబర్:
పోలిక కుదరదు. జిలిన్‌స్కీకి అప్పుడు 22, రెండు కాళ్లతో ఆడతాడు, మూడు చోట్ల వాడుకోవచ్చు. క్రిహోవియాక్ ఒకే తాళానికి సరిపోయే తాళంచెవి. మీరు దారి గురించి మాట్లాడుతున్నారు, నేను బండి గురించి.

వింగ్ బ్యాక్ విజ్జి:
మీరంతా పారిస్ దగ్గరే ఆగిపోయారు. అసలు తప్పు 2016ది కాదు, 2017ది. ఏడాది కుదరకపోతే ప్రపంచం మునిగిపోదు. మొట్టాకి అప్పుడే 35 ఏళ్లు. ఇంకొక్క సీజన్ ఓపిక పట్టి ఉంటే? 2018 జనవరిలో పీఎస్‌జీ ఏం చేసిందో గుర్తుందా? డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డర్ కావాలని లాసానా డియారాని తెచ్చుకుంది. అదే టైములో వాళ్ల సొంత డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డర్ ఇంగ్లండ్‌లో, పట్టికలో అడుగున ఉన్న జట్టులో చెమటోడుస్తున్నాడు. ఇంట్లో బియ్యం బస్తా పక్కింటికి అప్పిచ్చి, మనం కొట్టుకెళ్లి కొనుక్కున్నట్టు.

సెవియా సుబ్బారావు:
విజ్జి గారూ, ఆ పాయింట్ బాగుంది, నాకు తట్టలేదు. కానీ ఆ వేసవి నెయ్‌మార్ 222 మిలియన్ యూరోలకి వచ్చిన వేసవి. క్లబ్బే జీతాలు తగ్గించుకునే పనిలో ఉంది. ఉంటానన్నా ఉండనిచ్చేవాళ్లా అన్నది అనుమానమే.

ఇక ‘26కే అయిపోయింది’ అన్న మాటకి నేను ఒప్పుకోను. మాస్కో క్లబ్ లోకోమోటివ్‌తో రష్యన్ కప్ గెలిచాడు, అక్కడ ముందుకు వచ్చి గోల్స్ కూడా కొట్టాడు. 2022లో యుద్ధం మొదలయ్యాక క్రాస్నొదార్ వదిలి ఏథెన్స్ వెళ్లాడు. అదే మార్చిలో స్వీడన్‌తో వరల్డ్ కప్ ప్లేఆఫ్. సెకండ్ హాఫ్‌లో దిగాడు, నాలుగు నిమిషాల్లో బాక్సులో అతన్ని పడేశారు, పెనాల్టీ. లెవండోస్కీ కొట్టాడు. రెండో గోల్ ఎవరిదో తెలుసా? మీ జిలిన్‌స్కీదే. పోలండ్ ఖతార్ వెళ్లింది. దేశానికి 100 మ్యాచ్‌లు ఆడి 2023లో ఆపేశాడు. వంద! ఇది అయిపోయిన మనిషి లెక్కా?

వింగ్ బ్యాక్ విజ్జి:
2020 యూరోలో (యూరప్ దేశాల కప్పు) స్లొవేకియా మీద 62వ నిమిషంలో రెడ్ కార్డు కూడా ఆ వందలోదే మరి. మ్యాచ్ 2-1తో పోయింది. చెప్తే అన్నీ చెప్పాలి.

సెవియా సుబ్బారావు:
2016 యూరోలో స్విట్జర్లాండ్ మీద షూటౌట్‌లో చివరి పెనాల్టీ కొట్టి క్వార్టర్స్‌కి చేర్చిందీ ఆ కాలే. అన్నీ చెప్తున్నా.

అర్ధరాత్రి ఆట:
సరే, ‘అయిపోయింది’ వెనక్కి తీసుకుంటున్నా. క్లబ్ ఆటలో మళ్లీ ఆ ఎత్తుకి రాలేదు, అంతవరకు నా మాట మీదే ఉన్నా. ఆరో నంబర్ చెప్పిన ఫిబ్రవరి 14 సంగతి మాత్రం నన్ను ఇబ్బంది పెడుతోంది. అలాగైతే తప్పు వెళ్లినవాడిదా, పిలిచినవాడిదా?

ఆరో నంబర్:
పిలిచినవాడిదే. సంతకం పెట్టేముందు ఆటగాడు ఫార్మేషన్ రాసి ఇమ్మని అడగలేడు కదా.

ప్యాకేజీ పురుషుడు:
అడగాలి గురూ. నేను ఈసారి ఆఫర్ లెటర్‌లో రాయించుకున్నా.

అర్ధరాత్రి ఆట:
ఆ స్వీడన్ మ్యాచ్ పూర్తిది ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి. హైలైట్స్ కాదు, మొత్తం 90 నిమిషాలూ కావాలి. రేపు సెలవే.