స్కాట్స్ పాత రంగుమాట ‘బ్లే’ను నీలం అనొచ్చా?

పాతపుట: స్కాట్లండ్ భాష స్కాట్స్‌లోని పాఠాలను తెలుగు చేస్తుంటే ‘బ్లే’ దగ్గర చిక్కొస్తోంది. దెబ్బలు తిన్న ఒంటికీ అదే, చలికి బిగుసుకున్న ముఖానికీ అదే, బ్లేబెర్రీ పండుకీ అదే. అంతటా ‘నీలం’ అనేయొచ్చా? ఇంకోచోట ‘ఎర్ర బ్లేస్’ పరిచిన మైదానం అని ఉంది. అదీ ఈ మాటేనా?

పదమూలం: అంతటా నీలం వద్దండి. బ్లే అంటే ముఖ్యంగా సీసపు ఛాయ, నీలం కలిసిన బూడిద. స్కాండినేవియా పాత భాష నార్స్‌లోని ‘బ్లార్’ దీని మూలం. ఆ భాషలో కాకినలుపునూ బ్లార్‌తోనే చెప్పేవారు. నల్లటి జుట్టున్నామెను మనం నీలవేణి అనమూ? ఇంగ్లీషు ‘బ్లూ’కూ దీనికీ జర్మానిక్ భాషాకుటుంబపు వేరు ఒకటే, కాని అది ఫ్రెంచి మీదుగా తిరిగొచ్చింది.

‘బ్లార్’లోని ‘ఆ’ ధ్వని స్కాట్లండ్‌లో ‘ఏ’ అయింది, దక్షిణ ఇంగ్లండ్‌లో ‘ఓ’ అయింది. దెబ్బలకు ఒళ్లు కమిలిందనే నేటి ఇంగ్లీషు ‘బ్లాక్ అండ్ బ్లూ’లో బ్లూ ఉన్న చోట మొదట ఉన్నది ఈ మాటే. అందుకని దెబ్బల దగ్గర ‘కమిలిన’ అంటే చాలు, రంగు పేరే అక్కర్లేదు. ముఖానికి ‘చలికి నీలిబారిన’, మబ్బు పట్టిన ఆకాశానికి ‘సీసపు రంగు’ సరిపోతాయి.

ఈ మాటను నిఘంటువుల్లో వెతకడంలో ఒక పొరపాటు జరుగుతుంటుంది. 1700 దాకా వాడుక పాత స్కాట్స్ నిఘంటువులో, ఆ తర్వాతిది స్కాటిష్ నేషనల్ డిక్షనరీలో ఉంటుంది. రెండూ ఆన్‌లైన్‌లో ఒకేచోట దొరుకుతాయి. పాత రాతల్లో బీ, ఎల్, ఏ అని మూడక్షరాలే ఉండొచ్చు. చివర ‘ఈ’ చేర్చి మాత్రమే వెతికితే ఆ ఉదాహరణలు జారిపోతాయి.

గనిరాయి: మైదానం సంగతి: అదీ ఈ మాటే. బొగ్గు పొరల మధ్య దొరికే నీలిబూడిద రంగు మట్టిరాయిని గనివాళ్లు బ్లేస్ అన్నారు. స్కాట్లండ్‌లోని వెస్ట్ లోథియన్‌లో షేల్ అనే ఇలాంటి పొరల మట్టిరాతిని బట్టీల్లో కాల్చి నూనె తీసేవారు. ఆ పరిశ్రమ 1962లో ఆగిపోయింది. మిగిలిన పిప్పిని గుట్టలుగా పోశారు, వాటినే అక్కడ ‘బింగ్’లంటారు. కాలినప్పుడు రాతిలోని ఇనుము ఆక్సీకరణ చెంది ఎర్రబడుతుంది. రంగు మారినా పేరు అలాగే ఉండిపోయింది. ఆ పిప్పినే ఆటస్థలాల్లో పరిచారు. కాబట్టి అనువాదంలో ‘కాలిన ఎర్ర షేల్ పొడి’ అనండి. ‘ఎర్రనీలం’ అని మాత్రం రాయకండి!

పాతపుట: మరి మొక్కల పేర్లలో?

పదమూలం: అక్కడ నీలమే నప్పుతుంది. ‘బ్లేవర్ట్’ ఒకచోట హేర్‌బెల్, మరోచోట కార్న్‌ఫ్లవర్, రెండూ నీలిపూలే. ఏ ప్రాంతపు పాఠమో చూసుకుని పువ్వును తేల్చుకోండి.

గనిరాయి: చేపలు పట్టడానికి పురుగు ఆకారంలో కట్టే గాలాల పేర్లలో మళ్లీ బూడిదే. ‘బ్లే అండ్ బ్లాక్’ అనే ట్రౌట్ గాలానికి ఒళ్లు నలుపు, రెక్కలకు బూడిదరంగు ఈక కడతారు.