యాసంగి నారు చలికి ఎదగకపోతే తప్పెవరిది?

నర్సంపేట రైతు: నారుమడి పసుపెక్కి అక్కడే ఆగిపోయింది. షాపాయన "చలి పట్టింది, అంతే" అంటున్నాడు. పక్క మడిలో తెల్లహంస రకం వరి పచ్చగా ఉంది. దానికి చలి లేదా? ఇది నకిలీ విత్తనమే.

బాటనీ సార్, హనుమకొండ: అప్పుడే నకిలీ అనకండి. చలి తగలగానే కణం పొర బిగుసుకుంటుంది, కాల్షియం లోపలికి వస్తుంది, దాంతో కొన్ని జన్యువులు ఆన్ అవుతాయి. అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కను 4 డిగ్రీల్లో పెడితే చలిని తట్టుకునే పని మొదలుపెట్టే సీబీఎఫ్ జన్యువులు 15 నిమిషాల్లోనే మేల్కొంటాయి. అవి మళ్లీ ఎన్నో జన్యువులను లేపుతాయి. వరిలోనూ ఈ ఏర్పాటు ఉంది, కానీ తట్టుకునే శక్తి రకాన్ని బట్టి మారుతుంది. 2015లో చైనా శాస్త్రవేత్తలు వరిలో కోల్డ్1 అనే జన్యువును గుర్తించారు. దాని డీఎన్ఏలో ఒక్క అక్షరం తేడా, జపానికా అనే వరి ఉపజాతి రకాలు చలికి బాగా ఆగడానికి ఒక కారణం. మన వరి ఎక్కువగా ఇండికా అనే ఇంకో ఉపజాతి, దానికి చలికి ఆగే శక్తి తక్కువ.

పరకాల తమ్ముడు: మామిడి పూతకు చలి కావాలంటారు కదా సార్, మరి చలి మంచిదేగా?

నర్సంపేట రైతు: మామిడి సంగతి తర్వాత తమ్మీ. సార్, రకంలోనే తేడా ఉందని మీరే ఒప్పుకున్నారు. ఇక డబ్బులు షాపాయనే కట్టాలి.

బాటనీ సార్, హనుమకొండ: నేనన్నది అది కాదు. రకం గుణం వేరు, కల్తీ వేరు. ఎండలు పెరిగాక కొత్త ఆకు పచ్చగా వస్తే అది చలే.

నర్సంపేట రైతు: ఎండలు వచ్చేదాకా ఆగమంటారా? జీతం నెలనెలా వచ్చేవాళ్లు ఆగగలరు. నాట్లకు అదను దాటితే చివర్లో కాలువ నీళ్లు మీరిస్తారా?

విత్తనాల షాపు, మహబూబాబాద్: ఏటా తిట్లు మాకే. రాత్రి మడి మీద కవర్ కప్పారా? పొద్దున చల్లనీళ్లు తీసేసి కొత్త నీళ్లు పెట్టారా? చలికి జింకు కూడా సరిగా అందదు, లీటరుకు 2 గ్రాముల జింకు సల్ఫేట్ కొట్టారా?

నర్సంపేట రైతు: ఏదీ చేయలేదు! ఎందుకు చేస్తాను? కొనేటప్పుడే అడిగాను, ఇది చలికి ఆగుతుందా అని. "నాది పూచీ, తీసుకుపో" అన్నాడు నాకమ్మిన షాపాయన. నేను అడిగింది తెల్లహంస. దిగుబడి రాదని చెప్పి ఇది అంటగట్టాడు.

ములుగు అక్క: ఈ మాట మొదటే చెప్పొద్దా అన్నా? నకిలీ అని పొద్దటి నుంచి కొట్లాడుతున్నావు. ఆయన అబద్ధమాడి అమ్మాడు, నీ కోపం దానికి. బిల్లు ఉందా? మండల వ్యవసాయ అధికారిని (ఏఓ) పిలిచి మడి చూపించు. ఈ రాత్రి నుంచైతే కవర్ కప్పు.

నర్సంపేట రైతు: బిల్లు ఎక్కడిదక్కా, తెల్ల చిట్టీ మీద రాసిచ్చాడు.

విత్తనాల షాపు, మహబూబాబాద్: చిట్టీ ఇచ్చినాయన్ని అడుగు. అందరినీ ఒకే గాటన కట్టకు.