పాలిమర్ క్లేకి రంగు: కాల్చకముందా, కాల్చాకా?

రాయగడ_మట్టి: సవర గిరిజనుల గోడబొమ్మల తీరులో ఎర్రమట్టి రంగు పాలిమర్ క్లే (ఓవెన్‌లో కాలిస్తే గట్టిపడే ప్లాస్టిక్ ముద్ద) పలకల మీద తెల్ల అక్రిలిక్ రంగుతో సన్న గీతలు గీయాలి. పచ్చి క్లే మీదే గీసి ఓవెన్‌లో పెట్టొచ్చా?

పర్లాకిమిడి_చేతిపని: పెట్టొచ్చండి. నీళ్ళతో కలిపే అక్రిలిక్ 130 డిగ్రీలకి మాడదు. పచ్చి క్లేకి జిగురుంటుంది, రంగు బాగా పట్టుకుంటుంది. పలచగా రెండు పూతలు వేసి, పూర్తిగా ఆరాక ఒక్కసారే కాల్చండి.

బరంపురం_బొమ్మలు: వద్దు. రంగు పొంగి బుడగలొస్తాయి.

పర్లాకిమిడి_చేతిపని: బుడగ వచ్చిందంటే రంగు ఆరలేదని. లోపలి తడి ఆవిరై పూతని లేపుతుంది. వానాకాలం మన వైపు గాలిలో తేమ ఎక్కువ, రాత్రంతా ఫ్యాను కింద ఉంచాలి.

గుణుపురం22: నెయిల్ పాలిష్ వేయొచ్చా?

బరంపురం_బొమ్మలు: అస్సలొద్దు. అందులోని ద్రావకం క్లేని మెత్తబరుస్తుంది. నెలలు గడిచినా జిగట పోదు.

జయపురం_పూసలు: మైకా (మెరిసే అభ్రకం) పొడి, పాస్టెల్ పొడి మాత్రం పచ్చి దానికే అద్దాలి. కాల్చాక అంటవు.

పర్లాకిమిడి_చేతిపని: చూశారా! పొడికి పచ్చిది పనికొచ్చినప్పుడు రంగుకెందుకు పనికిరాదు?

బరంపురం_బొమ్మలు: అదేటండీ, పొడికీ తడిరంగుకీ పోలికా? నేను అడిగేది వేరు. గీత వంకరపోతే ఏం చేస్తారు? పచ్చి క్లేని తడిదూదితో రుద్దితే ముక్కూ కళ్ళూ చెదిరిపోతాయి. కాల్చిన దాని మీద రంగు తడిగా ఉన్నప్పుడే తుడిచి మళ్ళీ గీయొచ్చు. మడతల్లో ముదురు రంగు నింపి పైపైన తుడిచే పని కాల్చాకే కుదురుతుంది.

పర్లాకిమిడి_చేతిపని: ఆరనివ్వమన్నాను కదా!

బరంపురం_బొమ్మలు: ఆరడం కాదు మహాప్రభో! ఎప్పుడూ ఆ ఒక్క మాటే పట్టుకుంటారు. చెయ్యి తిరిగిన మీకు సరే, కొత్తగా నేర్చుకునేవాళ్ళకి ఒక్క తప్పుతో బొమ్మంతా పోయే పద్ధతి చెప్తారా?

పర్లాకిమిడి_చేతిపని: మీకు చేసేవాళ్ళ సుళువే కావాలి. డబ్బు పెట్టి కొన్నవాళ్ళ చేతిలో గోరు తగిలి పెచ్చు ఊడితే ఎవరు జవాబు చెప్పాలి? నా పట్టుదల దాని కోసమే.

బరంపురం_బొమ్మలు: ఈ మాట మొదటే చెప్పాల్సింది. పెచ్చు ఊడేది పైన చేతి జిడ్డు ఉండబట్టి. కాల్చి చల్లారాక 400 నంబరు గరుకు కాగితాన్ని తడిపి తేలిగ్గా రుద్దాలి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. అప్పుడు రంగేసి, ఆరాక 110 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు మళ్ళీ ఓవెన్‌లో పెట్టాలి. గట్టిగా పట్టుకుంటుంది.

పర్లాకిమిడి_చేతిపని: రెండుసార్లు ఓవెన్! నలభై లాకెట్లు చేసేవాళ్ళని ఓసారి అడగండి.

రాయగడ_మట్టి: నా ఓవెన్ డయల్ 130 అంటోంది, లోపల పెట్టిన థర్మామీటర్ 150 చూపిస్తోంది.

బరంపురం_బొమ్మలు: ముందు దాన్ని సరిచేయండి, తెలుపు పసుపెక్కుతుంది. ఈ క్లే పీవీసీ ప్లాస్టిక్, మాడితే వచ్చే పొగ మంచిది కాదు. కిటికీలు తెరవండి. క్లే బ్రాండ్లలో ఫిమోకి 110 డిగ్రీలు చాలు, ప్రీమోకి 135. పావంగుళం మందానికి 30 నిమిషాలు.

రాయగడ_మట్టి: ఒకే ముద్దలోంచి రెండు పలకలు తీస్తాను. ఒకదానికి పచ్చిగా, ఒకదానికి కాల్చాక రంగేసి, గోటితో గీకి చెప్తాను.

పర్లాకిమిడి_చేతిపని: వేడి మీద గీకొద్దండి. పూర్తిగా చల్లారాకే క్లే గట్టిపడుతుంది.